త్రీ పీక్స్ చాలెంజ్‌కి వెళ్తున్నారా? కొండకీ, కింద ఊరికీ ఇబ్బంది లేకుండా నడవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేలో ఎండాకాలం మొదలైందంటే మనవాళ్ల మధ్య త్రీ పీక్స్ మాట వినబడుతుంది. ఆఫీసు టీమ్ పిలిచిందనో, యూనివర్సిటీ ఫ్రెండ్స్ వెళ్తున్నారనో, ఏదైనా చారిటీకి డబ్బు పోగుచేద్దామనో పేరు ఇచ్చేస్తారు. తర్వాత షూస్ ఏవి కొనాలి, ఎన్ని గంటలు పడుతుంది అని అడుగుతారు. వాటికి జవాబులు బోలెడు చోట్ల దొరుకుతాయి. మనం వెళ్లొచ్చాక ఆ కొండ దారి, ఆ లోయలో ఉండేవాళ్లు ఎలా ఉంటారన్నది మాత్రం చాలా తక్కువమంది అడుగుతారు, అందుకే ఈ పేజీ.

అసలు ఈ చాలెంజ్ ఏంటి?

స్కాట్లాండ్, ఇంగ్లండ్, వేల్స్ మూడింటిలో ఒక్కోదాంట్లో అన్నిటికన్నా ఎత్తైన కొండ ఎక్కడం. స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ 1,345 మీటర్లు, ఇంగ్లండ్‌లో స్కాఫెల్ పైక్ 978 మీటర్లు, వేల్స్‌లో స్నోడన్ 1,085 మీటర్లు. స్నోడన్ అసలు వెల్ష్ పేరు అర్ విద్వా, 2022 నుంచి అక్కడి నేషనల్ పార్క్ వాళ్లు ఆ పేరే వాడుతున్నారు. మూడూ కలిపి నడక దాదాపు 37 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు సుమారు 3,000 మీటర్లు, మధ్యలో రోడ్డు మీద ఇంకో 740 కిలోమీటర్ల ప్రయాణం. ఇదంతా 24 గంటల్లో ముగించాలన్నది బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. దీనికి అధికారిక సంస్థ అంటూ ఏదీ లేదు, ఆ 24 గంటలు ఎవరూ పెట్టిన చట్టమూ కాదు. కింద చాలా జవాబులు ఈ సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి గుర్తుంచుకోండి.

కొండ ఎక్కి దిగితే పర్యావరణానికి ఏం నష్టం? రాళ్లే కదా అక్కడ ఉండేవి.

రాళ్లతో పాటు చాలా ఉన్నాయి. స్నోడన్ రాతి పగుళ్లలో స్నోడన్ లిల్లీ అనే చిన్న తెల్లపువ్వు మొక్క ఉంది, మంచుయుగం నుంచి మిగిలిన జాతి, బ్రిటన్‌లో ఆ చుట్టుపక్కల కొండల మీద తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. బెన్ నెవిస్ పైభాగంలో నాచు, చిట్టి గడ్డి తప్ప పెద్దగా ఏదీ బతకదు, వాటిని ఒక్కసారి బూటుతో పీకేస్తే మళ్లీ పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. మొక్క పోయిన చోట మట్టి ఆగదు, వాన దాన్ని కోసుకుంటూ పోతుంది, అక్కడ వానకు కొదవ లేదు, బెన్ నెవిస్ శిఖరం మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది.

ఇక మనుషుల సంఖ్య చూడండి. బెన్ నెవిస్ ఏటా లక్షమందికి పైగా ఎక్కుతారు. స్నోడన్‌కి వచ్చేవాళ్లు 5 లక్షలు దాటతారు. నేనొక్కడినే పక్కన గడ్డి మీద నడిస్తే ఏమవుతుంది అని ప్రతివాళ్లూ అనుకుంటే దారి ఎంత వెడల్పు అవుతుందో మీరే ఊహించుకోండి.

24 గంటల్లోనే చేయాలా? టైమ్ లేకపోతే చాలెంజ్ ఏముంది?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ చాలెంజ్‌తో వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా ఆ గడియారం వల్లే వస్తాయి. టైమ్ కోసమే జనం తెల్లవారుజామున 3 గంటలకు నిద్రపోతున్న ఊళ్లోకి దిగుతారు. దారి మలుపులు వదిలేసి అడ్డంగా గడ్డి మీద దిగుతారు. పొద్దుట్నుంచి నిద్రలేని ఫ్రెండ్‌ని స్టీరింగ్ ముందు కూర్చోబెడతారు, వాతావరణం బాలేకపోయినా వెనక్కి తిరగరు. ఊళ్లో ఒక టీ కూడా తాగకుండా వెళ్లిపోతారు, అంటే ఆ ఊరికి శబ్దం, చెత్త మాత్రం మిగులుతాయి, ఒక్క పౌండు రాదు.

మూడు రోజుల్లో మూడు కొండలు చేయండి. ఎత్తు అంతే, దూరం అంతే, కాళ్లకు పడే శ్రమా అంతే. రోజూ రాత్రి ఆ ఊళ్లోనే హాస్టల్‌లోనో, బీ అండ్ బీలోనో పడుకుంటారు, పొద్దున్న అక్కడే తింటారు, పగటి వెలుగులో నడుస్తారు కాబట్టి కొండ కూడా కనబడుతుంది. 24 గంటల పద్ధతిలో స్కాఫెల్ పైక్ చేసినవాళ్లలో చాలామందికి హెడ్ టార్చ్ వెలుతురులో కనబడిన నాలుగు రాళ్లు తప్ప ఆ కొండ ఎలా ఉంటుందో తెలియదు, అంత దూరం వెళ్లి అలా తిరిగిరావడం నాకు బాధగా అనిపిస్తుంది. చారిటీకి డబ్బు ఇచ్చేవాళ్లు మీరు కొండ ఎక్కుతున్నారని ఇస్తారు, ఎన్ని గంటలు పట్టిందో దాదాపు ఎవరూ అడగరు.

మా టీమ్ 24 గంటలకే ఫిక్స్ అయింది. కనీసం ఏం చేయాలి?

సరే, అయితే ముందుగా డ్రైవింగ్ సంగతి తేల్చండి. కొండ ఎక్కేవాళ్లు బండి నడపకూడదు, నడిపేవాళ్లు కొండ ఎక్కకూడదు, వీలైతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. కొండల మధ్య దాదాపు 10, 11 గంటల ప్రయాణం ఉంటుంది, దాన్ని తగ్గించుకునే లెక్క ఏదైనా స్పీడ్ లిమిట్ దాటే లెక్కే అవుతుంది. కొన్ని టీమ్‌లు నడక టైమ్ మాత్రమే లెక్కేసుకుంటాయి, కొండ కింద గేటు దగ్గర వాచ్ ఆపేసి మళ్లీ తర్వాతి కొండ దగ్గర మొదలుపెడతాయి. ఇది చాలా మంచి పద్ధతి, రోడ్డు మీద ఎవరికీ తొందర ఉండదు.

రెండోది, బయల్దేరే టైమ్. మామూలుగా అందరూ బెన్ నెవిస్ సాయంత్రం మొదలుపెడతారు, దాంతో స్కాఫెల్ పైక్ సరిగ్గా అర్ధరాత్రి దాటాక వస్తుంది. బెన్ నెవిస్ తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నానికి దిగేస్తారు, సాయంత్రం వెలుగుండగానే స్కాఫెల్ పైక్ మొదలవుతుంది. జూన్‌లో అక్కడ రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. అప్పుడు స్నోడన్ రాత్రి వస్తుంది, అక్కడ నడక మొదలయ్యే పెన్-ఇ-పాస్‌లో హాస్టల్ ఉంది, లోపల జనం నిద్రపోతుంటారు, కాబట్టి జాగ్రత్త అక్కడ పడాలి. ఏ వరసలో చేసినా ఏదో ఒక కొండ కిందికి రాత్రిపూట చేరడం దాదాపు తప్పదు, అందుకే నేను మళ్లీ మూడు రోజుల పద్ధతినే గుర్తుచేస్తున్నాను.

మూడోది, రోజు. జూన్ చివరి శనివారాలు వదిలేయండి. అప్పుడు అన్ని టీమ్‌లూ అక్కడే ఉంటాయి. మంగళవారమో, బుధవారమో సెలవు పెట్టుకుంటే దారికీ, పార్కింగ్‌కీ, మీకూ మంచిది.

వాస్‌డేల్ హెడ్ గురించి అందరూ ప్రత్యేకంగా ఎందుకు చెప్తారు?

స్కాఫెల్ పైక్‌కి దగ్గరి దారి అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి. అది ఊరు అనడానికి కూడా లేదు, కొన్ని గొర్రెల ఫామ్‌లు, ఒక సత్రం, ఒక చిన్న చర్చి, అంతే. అక్కడికి వెళ్లే దారి ఇరుకు, రెండు మినీబస్‌లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాలి. చుట్టూ కొండలు నిలువుగా ఉంటాయి, రాత్రిపూట ఒక కారు తలుపు వేసిన చప్పుడు లోయ అంతా వినబడుతుంది. పొద్దున్నే లేచి గొర్రెలు చూసుకోవాల్సిన మనిషి ఎండాకాలం ప్రతి వీకెండ్ రాత్రి 3 గంటలకు తలుపుల చప్పుళ్లు, అరుపులు, ఇంజన్ శబ్దం విని లేవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

రాత్రి చేరితే తప్పకుండా చేయాల్సినవి ఇవి. ఊరికి అరగంట ముందే మోటార్‌వే దిగాక ఎక్కడైనా ఆగి బూట్లు వేసుకుని, బ్యాగులు సర్దుకుని, తిని, అన్నీ రెడీ చేసుకోండి. లోయలోకి వచ్చాక బండి ఆగగానే ఇంజన్ ఆపేయాలి. తలుపు ఒక్కసారే తీసి అందరూ దిగి మెల్లగా వేయాలి. పాటలు వద్దు, అరవడం వద్దు, హెడ్ టార్చ్ కిటికీల వైపు తిప్పొద్దు. డ్రైవర్ హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నాలుగు గంటలు కూర్చోకుండా ఒక దుప్పటి, ఫ్లాస్క్ ఇచ్చి వెళ్లండి. ఇంకో మార్గం, బారోడేల్ అనే ఇంకో లోయ వైపు సీత్‌వైట్ నుంచి ఎక్కడం. దూరం ఎక్కువే, అక్కడా ఫామ్ ఉంది, మర్యాద అక్కడా ఒకటే.

అరటిపండు తొక్క మట్టిలో కలిసిపోతుంది కదా, పడేస్తే తప్పేంటి?

మన పెరట్లో పడేస్తే కొన్ని వారాల్లో కుళ్లిపోతుంది, నిజమే. బెన్ నెవిస్ మీద 1883 నుంచి 1904 దాకా ఒక వాతావరణ పరిశోధన కేంద్రం నడిచింది, దాని గోడలు ఇప్పటికీ శిఖరం మీద ఉన్నాయి. వాళ్లు గంటగంటకీ రాసిపెట్టిన లెక్కల ప్రకారం అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే. అంటే ఏడాదంతా ఫ్రిజ్‌లో పెట్టినట్టు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ చలిలో సరిగా పని చేయవు, తొక్క నల్లబడి నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఈలోగా ఇంకో వందమంది దాన్ని చూసి ఇక్కడ వేయొచ్చన్నమాట అనుకుని వాళ్లదీ వేస్తారు. ఆ కొండ శిఖరాన్ని 2000 నుంచి చూసుకుంటున్న జాన్ మ్యూర్ ట్రస్ట్ వాళ్లు, వలంటీర్లు ఎక్కిన ప్రతిసారీ సంచుల్లో మోసుకొచ్చే చెత్తలో అరటి తొక్కలది పెద్ద వాటా.

బత్తాయి, నారింజ తొక్కలు, ఆపిల్ మధ్యభాగం, పిస్తా పెంకులు, టిష్యూలు, టీ బ్యాగులు అన్నిటికీ ఇదే జవాబు. ఒక జిప్ కవర్ పెట్టుకోండి, తిన్నది అందులో వేసుకుని కిందికి తెచ్చుకోండి. కొండ మీద చెత్తడబ్బాలు ఉండవు. స్నోడన్ మీద కేఫ్ ఉందిగా అంటారేమో, అది అన్ని రోజులూ తెరిచి ఉండదు, దాని మీద ఆధారపడి ఏ ప్లానూ వేయొద్దు.

తిండికి ఏం తీసుకెళ్తే చెత్త తక్కువ?

ఇంట్లో చేసుకున్నదే. పులిహోర డబ్బాలో పెట్టుకుంటే రోజంతా పాడవదు, ఉప్పూ పులుపూ ఉంటుంది కాబట్టి అలసినప్పుడు నోటికి హితంగా ఉంటుంది. చపాతీలో కూర చుట్టి రోల్స్, వేరుశనగ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరాలు. ఎనర్జీ బార్ల రేపర్లు చింపినప్పుడు పైమూల చిన్న ముక్క ఊడుతుంది చూడండి, గాలికి ఎగిరేది అదే, బ్యాగులో వేసుకున్నామని మనం అనుకుంటాం గానీ అది పడిపోయి ఉంటుంది. అందుకే ఇంట్లోనే రేపర్లు తీసేసి అన్నీ ఒక డబ్బాలో వేసుకెళ్లడం మంచిది. నీళ్లకు సొంత సీసాలు, ఒక్కొక్కరికి కనీసం 2 లీటర్లు. టీమ్ మొత్తానికి సూపర్‌మార్కెట్ నుంచి చిన్న ప్లాస్టిక్ సీసాల కట్టలు కొనడం దయచేసి మానేయండి.

మధ్యలో టాయిలెట్ వస్తే? ఇది అడగడానికి సిగ్గుగా ఉంది.

సిగ్గు వద్దు, అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, టీమ్‌లో ఆడవాళ్లు ఉంటే లీడర్ తానే ముందుగా ఈ విషయం మాట్లాడాలి.

ఎం74, ఎం6 మోటార్‌వేల మీద సర్వీసుల్లో, అంటే టాయిలెట్లు, తిండి దొరికే విశ్రాంతి చోట్లలో ఆగినప్పుడు అవసరం ఉన్నా లేకపోయినా అందరూ వెళ్లి రండి. దీన్ని ప్లాన్‌లో రాసుకోండి, దానికి టైమ్ కేటాయించండి. చాలా టీమ్‌లు టైమ్ కలిసొస్తుందని ఆగకుండా వచ్చేస్తాయి, ఆ భారం కొండ కింద గోడల పక్కన, వాగు ఒడ్డున పడుతుంది.

కొండ మీద తప్పనిసరైతే దారికి దూరంగా, వాగుకి కనీసం 60 మీటర్ల అవతలికి వెళ్లి 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చేయాలి. అందుకు ఒక చిన్న ప్లాస్టిక్ తాపీ చాలు. టిష్యూ పూడ్చకూడదు, రెండు కవర్లలో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. వెట్ వైప్స్‌లో చాలావాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, అవి ఎప్పటికీ కరగవు. శానిటరీ ప్యాడ్లూ అంతే. శిఖరం దగ్గర అంతా రాయే, గుంట తీయడం కుదరదు, రాళ్ల మధ్య దాచిపెడితే వాన కడిగి వాగులోకి తెస్తుంది. ఆ లోయల్లో కొన్ని ఇళ్లకు కొండ మీద నుంచి వచ్చే నీళ్లే తాగునీరు. మలాన్ని మూసి మోసుకురావడానికి ప్రత్యేక సంచులు దొరుకుతాయి, పెద్ద టీమ్‌కి నాలుగైదు ఉంచుకోవడం మంచిది. చదవడానికి ఎబ్బెట్టుగా ఉన్నా ఒక్కసారి అలవాటైతే ఏమీ అనిపించదు.

దారిలో నీళ్లు, బురద ఉంటే పక్కనుంచి వెళ్లొచ్చా?

వద్దు. బురదలోంచే వెళ్లండి. బూట్లు తడుస్తాయి, ఆరతాయి. పక్కనుంచి పోతే అక్కడి గడ్డి చస్తుంది, అక్కడా బురద అవుతుంది, తర్వాతివాళ్లు ఇంకా పక్కకి జరుగుతారు. యార్క్‌షైర్ త్రీ పీక్స్ అని వేరే చాలెంజ్ ఉంది, అందులోని పెన్-ఇ-గెంట్, వర్న్‌సైడ్, ఇంగిల్‌బరో కొండల మీద, పీట్ అనే మెత్తటి తడి నేల ఉన్న చోట దారులు ఇలాగే బాగా వెడల్పై పాడైపోతే రాతిపలకలు పరిచి, చెక్కబాటలు వేసి ఏళ్ల తరబడి బాగుచేయాల్సి వచ్చింది. స్కాఫెల్ పైక్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో ఫిక్స్ ద ఫెల్స్ అనే కార్యక్రమం ఉంది, రాళ్లను సంచుల్లో హెలికాప్టర్‌తో పైకి చేర్చి, ఒక్కో రాయి చేత్తో పాతి మెట్లలా దారి కడతారు. ఆ మెట్లు మోకాళ్లకు నొప్పని పక్క గడ్డి మీద దిగేవాళ్లు చాలామంది, వాళ్ల కోసమే అంత కష్టపడి కట్టిన దారి అది.

మలుపులు తిరిగే చోట అడ్డంగా దిగొద్దు. ట్రెక్కింగ్ పోల్స్ వాడితే మొనలకు రబ్బరు తొడుగులు పెట్టుకోండి, అవి ఊడి పడిపోకుండా చూసుకోండి.

శిఖరం మీద గుర్తుగా ఏదైనా వదిలి రావచ్చా? జెండా, పేర్లు రాసిన రాయి, చిన్న రాళ్ల గుట్ట?

వద్దు, ఏదీ వద్దు. రాళ్ల గుట్టలు అక్కడ దారి చూపించడానికి ఉన్నాయి. బెన్ నెవిస్ పైన మంచు కమ్మితే అవే ప్రాణాధారం, ఎందుకంటే కొంచెం పక్కకి పోతే ఫైవ్ ఫింగర్ గల్లీ లోయలోకి జారే చోటు ఉంది. మీరు సరదాకి కట్టిన గుట్ట ఇంకొకరిని తప్పుదారి పట్టించవచ్చు. స్కాఫెల్ పైక్ శిఖరాన్ని 1919లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన లేక్ డిస్ట్రిక్ట్ మనుషుల జ్ఞాపకంగా, ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే చారిటీకి ఇచ్చారు. పైన కనిపించే పెద్ద రాతి వేదిక ఒక స్మారకం, దాని మీద ఎక్కి కేకలు వేసే ముందు ఆ సంగతి తెలిసి ఉండాలి.

కొంతమంది కొబ్బరికాయ కొడదాం, కర్పూరం వెలిగిద్దాం అంటారు. దండం పెట్టుకోండి, చాలు. పెంకులు, కుంకుమ అక్కడ వదలొద్దు, మంట అసలే వద్దు. వసంతంలో ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే కొండలకు కొండలే కాలతాయి. స్పీకర్‌లో పాటలు పెట్టడం కూడా మానేయాలి. మనకు ఇష్టమైన పాటే, పక్కవాళ్లు గాలి శబ్దం వినడానికి వచ్చి ఉంటారు.

గొర్రెలు, గేట్లు, కుక్కల సంగతి?

గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలండి. రాతి గోడలు ఎక్కి దూకొద్దు, అవి సిమెంటు లేకుండా పేర్చినవి, కూలిపోతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో నడవడానికి అందరికీ హక్కున్న కొండ భూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను పొట్టి తాడుతో పట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి, నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కోసం. గొర్రెల దగ్గర ఏ నెలైనా పట్టుకోవాలి.

టెంట్ వేసుకోవచ్చా?

స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే చాలాచోట్ల వేసుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు అన్నిచోట్లా స్థల యజమాని అనుమతి కావాలి. పెద్ద గుంపు అయితే ఎక్కడైనా క్యాంప్‌సైట్‌కే వెళ్లండి.

భద్రతకూ పర్యావరణానికీ సంబంధం ఏంటి? ఏదైనా అయితే రెస్క్యూ వాళ్లు ఉన్నారు కదా.

ఉన్నారు, వాళ్లంతా వలంటీర్లు. ఈ మూడు కొండల్నీ చూసుకునే లోకాబర్, వాస్‌డేల్, లాన్‌బెరిస్ టీమ్‌లలో ఉన్నవాళ్లు టీచర్లు, రైతులు, ప్లంబర్లు లాంటి మామూలు పనులు చేసుకునేవాళ్లు, జీతం తీసుకోరు, మీ దగ్గరా డబ్బు అడగరు. టార్చ్ లేకుండా చీకట్లో చిక్కుకున్నామనో, ఫోన్ చార్జింగ్ అయిపోయి దారి తప్పామనో రాత్రి వాళ్లను నిద్రలేపడం అన్యాయం. స్కాఫెల్ పైక్ మీద పియర్స్ గిల్ అనే ప్రమాదకరమైన లోతైన చీలిక ఉంది, ఫోన్‌లో యాప్ చూపిన గీతను నమ్మి అందులోకి దిగి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. కాగితం మ్యాప్, దిక్సూచి, వాడటం తెలిసిన కనీసం ఒక మనిషి ఉండాలి. ఒక్కొక్కరికీ హెడ్ టార్చ్, రైన్ జాకెట్, వెచ్చటి బట్టలు ఉండాలి. బెన్ నెవిస్ మీద మే నెలలో కూడా మంచు ఉంటుంది, కింద టీషర్ట్ ఎండ చూసి మోసపోవద్దు.

నిజంగా ప్రమాదమైతే మాత్రం ఆలోచించకుండా 999కి ఫోన్ చేసి పోలీస్ అడగండి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పండి. సిగ్నల్ సరిగా లేని చోట 999కి మెసేజ్ కూడా పెట్టొచ్చు, దానికి ముందే ఇంటి దగ్గరే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

ఎంతమందితో వెళ్తే మంచిది?

ఒక గుంపుకు ఆరేడుగురు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే విడివిడి గుంపులుగా, అరగంట తేడాతో బయల్దేరండి. ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వాలంటే దారి మీదే ఓ పక్కకు ఒదిగి ఆగండి, గడ్డి మీదకు పోవద్దు.

కారు లేకుండా వెళ్లొచ్చా?

మూడు రోజులో, నాలుగు రోజులో పెట్టుకుంటే బాగా వెళ్లొచ్చు. లండన్ యూస్టన్ నుంచి రాత్రి స్లీపర్ రైలు ఎక్కితే పొద్దున్నకి బెన్ నెవిస్ కింద ఉన్న ఫోర్ట్ విలియమ్ ఊళ్లో దిగుతారు. స్కాఫెల్ పైక్‌కి పెన్రిత్ దాకా రైలు, అక్కడి నుంచి కెజిక్‌కి బస్సు, కెజిక్ నుంచి బారోడేల్ లోపలికి 78 నంబర్ బస్సు. స్నోడన్‌కి షెర్పా బస్సులు చుట్టూ ఊళ్ల నుంచి పెన్-ఇ-పాస్‌కి తీసుకెళ్తాయి. పెన్-ఇ-పాస్ పార్కింగ్ సీజన్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి, చిన్నది, త్వరగా అయిపోతుంది, కాబట్టి కారున్నవాళ్లు కూడా నాంట్ పెరిస్‌లో కారు పెట్టి బస్సెక్కడమే సుఖం. రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ కారు వదిలితే అంబులెన్స్ పోవడానికి దారి ఉండదు.

పోగుచేసిన డబ్బులో కొంత కొండకి ఇవ్వొచ్చా?

దాతలకు ఒక చారిటీ పేరు చెప్పి అడిగిన డబ్బు ఆ చారిటీకే వెళ్లాలి. టీమ్ ఖర్చుల్లోంచి విడిగా ఒక్కొక్కరు 10 పౌండ్లు తీసి దారులు బాగుచేసేవాళ్లకో, రెస్క్యూ టీమ్‌కో ఇవ్వండి. ఆఫీసు స్పాన్సర్ చేస్తుంటే ఆ మొత్తాన్ని బడ్జెట్‌లో ముందే రాయించండి, టీషర్టులు ప్రింట్ చేయించే డబ్బు ఇటు మళ్లిస్తే ఇంకా మంచిది.

ఎవరైనా చెత్త పడేస్తుంటే ఏమనాలి?

మీ టీమ్‌వాళ్లైతే బయల్దేరే ముందే వాట్సాప్ గ్రూప్‌లో నాలుగు ముక్కలు రాసి పెట్టండి, పైకెళ్లాక గొడవ ఉండదు. తెలియనివాళ్లైతే, "ఇది మీ దగ్గర పడిపోయినట్టుంది" అని మర్యాదగా చేతికివ్వండి, దాదాపు అందరూ తీసుకుంటారు. తీసుకోకపోతే మీ కవర్లో వేసుకోండి. వాదన పెట్టుకోవద్దు.

మూడూ చేసే ఓపిక లేదు. పిల్లలతో మొదటిసారి ఏం చేయాలి?

మూడు శిఖరాల కబురు పక్కనబెట్టి యార్క్‌షైర్‌లో పెన్-ఇ-గెంట్ ఒక్కటి చేయండి, 694 మీటర్లు. సెటిల్–కార్లైల్ లైన్‌లో రైలెక్కి హార్టన్-ఇన్-రిబుల్స్‌డేల్‌లో దిగితే స్టేషన్ నుంచే నడక మొదలవుతుంది. పైభాగంలో కొంచెం రాళ్లు పట్టుకుని ఎక్కాలి, పెద్ద పిల్లలకు అది సరదాగా ఉంటుంది, చిన్నపిల్లలైతే సగం దాకా వెళ్లి తినేసి వెనక్కి వచ్చేయండి. రైళ్లు తక్కువ ఉంటాయి, ముఖ్యంగా ఆదివారం, తిరుగు రైలు టైమ్ చూసుకుని బయల్దేరండి.